బోను పాతదే, ఎలుకా పాతదే

ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో పల్లెటూరి జీవితానికి సంబంధించిన పాత సామగ్రిని దాచే మ్యూజియం ఒకటుంది. నాగళ్లు, బండిచక్రాలు, గంపలు, వెన్న చిలికే తొట్లు, ఇలాంటివన్నీ అక్కడ వరసగా అరలమీద ఉంటాయి. 2016 ఫిబ్రవరిలో ఆ మ్యూజియం ఉద్యోగులకు తమ సహోద్యోగి నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. సామాన్ల గదిలో ఉన్న ఫలానా ఎలుకల బోనులో చచ్చిన ఎలుక కనబడుతోందనీ, జాబితాలో చూస్తే ఆ ఎలుక మాట ఎక్కడా రాసి లేదనీ దాని సారాంశం. బోను 1861 నాటి పేటెంటుది. దాన్ని ఎవరూ ఎక్కుపెట్టలేదు, ఎర పెట్టలేదు, నంబరు వేసి దాచిపెట్టారంతే. ఎలుక తనంతట తాను గది వెతుక్కుంటూ వచ్చి, అన్ని వస్తువుల్లోనూ సరిగ్గా ఆ బోనునే ఎంచుకుని దూరింది. ఈ బోను జీవితకాలం మన్నుతుందని తయారుచేసినాయన అప్పట్లో చెప్పుకున్నాడు. ఎవరి జీవితకాలమో చెప్పలేదు.

ఆ తయారుచేసినాయన కాలిన్ పుల్లింజర్. ససెక్స్ తీరంలో సెల్సీ అనే ఊరు ఆయనది. తన పనులన్నీ ఏకరువు పెడుతూ ఆయన అచ్చువేయించుకున్న ప్రకటన ఒకటి ఉంది. వడ్రంగం, ఇళ్లు కట్టడం, శవపేటికలు చేసి అంత్యక్రియలు జరిపించడం, పడవలు కట్టడం, గడియారాలు తుడవడం, గొడుగులు బాగుచేయడం, పగిలిన పింగాణీ అతకడం, ఉత్తరాలు రాసిపెట్టడం, ఓడ నడిపే విద్య నేర్పడం, పన్నులు వసూలు చేయడం, చివరికి ఊళ్లో పిచ్చుకల సంఘానికి గుమాస్తాగిరీ కూడా. మన పల్లెల్లో ఒకప్పుడు అన్నిటికీ ఒకే మనిషి దగ్గరికి పరుగెత్తేవాళ్లే, అలాంటి మనిషన్నమాట. ఇన్ని పనుల్లోనూ చరిత్రకెక్కింది మాత్రం ఎలుకల బోనే.

దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. పొడుగాటి చెక్కపెట్టె. నడిమధ్యన పైన ఒక కన్నం. లోపల పిల్లలు ఆడుకునే తూగుడుబల్లలాంటి పలక. కన్నంలోంచి దిగిన ఎలుక పలక మీద ఒక పక్కకు నడవగానే అటువైపు బరువై కిందికి వాలుతుంది. వాలిన పలక వచ్చిన దారిని మూసేస్తుంది. ఇక ముందుకే దారి. చిన్న తలుపును ముక్కుతో తోసుకుని పక్క గదిలోకి పోతుంది, ఆ తలుపు మళ్లీ వెనక్కి తెరుచుకోదు. ఈలోగా పలక ఒక పక్కకు వాలి ఉంది కాబట్టి రెండో ఎలుకకు అవతలి పక్క దారి తెరిచే ఉంటుంది. అది రెండో పక్కకు వాలుస్తుంది. మళ్లీ ఎక్కుపెట్టే మనిషి అక్కర్లేదు, ఒక ఎలుక బరువే తర్వాతి ఎలుకకు బోను సిద్ధం చేస్తుంది. అందుకే దానికి పుల్లింజర్ 'నిత్య బోను' అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. స్ప్రింగు లేదు, పదునైన పళ్లు లేవు. రెడింగ్ మ్యూజియంలో ఒకటిన్నర శతాబ్దం తర్వాత కూడా అది పనిచేయడంలో వింతేమీ లేదు. చెక్క పుచ్చిపోకుండా ఉంటే చాలు.

వింత ఉన్నదల్లా ఎలుకలోనే. ఇన్ని వేల తరాలు గడిచినా చీకటి కన్నం కనబడితే ఆగలేకపోవడం దానికి పోలేదు. పెద్ద ఎలుకకూ చిట్టెలుకకూ తేడా ఇక్కడే. గోతాల మధ్య తిరిగే పెద్ద ఎలుక కొత్త వస్తువును చూస్తే రోజుల తరబడి దూరంగా జరిగి పోతుంది. ఇంట్లో తిరిగే చిట్టెలుక అలా కాదు. నిన్న లేని డబ్బా ఈ రోజు గోడవారన కనబడితే దాని సంగతేమిటో చూసి తీరాలి దానికి. అది తిరిగే మేరా చిన్నదే, గూటినుంచి నాలుగైదు గజాలు. ఆ నాలుగైదు గజాల్లోని ప్రతి అంగుళమూ దానికి తెలిసి ఉండాలి. బోను తయారుచేసినవాళ్లందరూ తెలిసో తెలియకో నమ్ముకున్నది ఆ కుతూహలాన్నే.

మనిషికీ ఎలుకకూ మధ్య ఈ తగువు వయసు చాలా పెద్దది. పశ్చిమాసియాలో ఇప్పటి ఇజ్రాయెల్ ప్రాంతంలో సుమారు 15,000 ఏళ్ల కిందట నటూఫియన్లు అనే జనం ఒకచోట కుదురుగా ఉండడం మొదలుపెట్టారు. అప్పటికింకా సేద్యం లేదు. అయినా వాళ్ల ఇళ్ల శిథిలాల్లో ఇంటెలుక పళ్లు దొరికాయి. జనం మళ్లీ సంచారంలో పడిన కాలపు పొరల్లో ఇంటెలుక తగ్గిపోయి, మనుషులతో పొత్తులేని పొలం ఎలుక పెరిగింది. ఈ సంగతి బయటపెట్టిన పరిశోధన 2017లో వచ్చింది. అంటే ఎలుక ఇంట్లోకి వచ్చింది ధాన్యం కోసమని అనుకోవడం సగం నిజమే. గోడా కప్పూ ఏర్పడ్డాక అది వచ్చేసింది. ధాన్యం తర్వాత వచ్చింది. జన్యువుల లెక్క చూసినవాళ్లు ఈ జాతి పుట్టిల్లు భారత ఉపఖండపు ఉత్తర ప్రాంతాల నుంచి ఇరాన్ దాకా ఎక్కడో ఉంటుందంటారు. అక్కడి నుంచి ధాన్యపు బస్తాల్లో, ఓడల్లో ప్రపంచమంతా తిరిగింది. పేరు కూడా దానితోపాటే తిరిగినట్టుంది. సంస్కృతంలో మూషికం, లాటిన్‌లో మూస్, ఇంగ్లీషులో మౌస్, అన్నీ ఒకే వేరుకు పుట్టినవి. తెలుగు మాట కూడా ఒకటి ఆ దారిన వెళ్లింది గానీ అది చిట్టెలుకది కాదు, దాని పెద్దన్నది: మన పందికొక్కే ఇంగ్లీషులో బాండికూట్ అయింది. ఆస్ట్రేలియాలో పొట్టకింద సంచి ఉన్న ఏదో జంతువును చూసి, ఇదీ అలాగే ఉందని దానికీ ఆ పేరే పెట్టేశారు.

సింధులోయలోని మొహెంజొదారోను తవ్విన ఎర్నెస్ట్ మాకే అక్కడ దొరికిన మట్టిపాత్రల్లో కొన్నిటిని ఎలుకల బోనులుగా గుర్తించాడు. ఒక పక్క తెరిచిన మట్టి గొట్టం, తాడు దూర్చడానికి బెజ్జాలు. తాడు తెగినా సడలినా తలుపు పడే ఏర్పాటు. మట్టితో చేస్తే ఎలుక కొరికి పారిపోలేదు. 4,000 ఏళ్లకు పైబడిన నగరంలో ఇటుక గోడలు, మురుగు కాలవలు, తూకపు రాళ్లతోపాటు ఇదీ ఉండడం సహజమే.

తర్వాత కౌటిల్యుడు. అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో దేశానికి వచ్చే దైవికమైన ఆపదల జాబితా ఉంది. నిప్పు, వరద, రోగం, కరువు, వాటి పక్కనే ఎలుకలు. ఆ పక్కన పులులూ పాములూ రాక్షసులూ. ఎలుకల బెడదకు ఆయన చెప్పిన మందులు చదువుతుంటే ఒక ప్రభుత్వాఫీసు మొత్తం కళ్లముందు కదులుతుంది. పిల్లుల్నీ ముంగిసల్నీ వదలాలి. వాటిని పట్టుకున్నా చంపినా 12 పణాల జరిమానా. జెముడుపాలు కలిపిన గింజలు చల్లాలి. ఎలుకల మీద పన్ను వేయవచ్చు, అంటే ఒక్కొక్కరు ఇన్ని ఎలుకలు పట్టి చూపించాలని. శాంతికర్మలు చేయించాలి. పర్వదినాల్లో మూషికపూజలు కూడా చేయించాలి. విషమూ పూజా ఒకే పేరాలో పక్కపక్కన ఉన్నాయి. కౌటిల్యుడికి ఇందులో చిక్కేమీ కనబడలేదు. వినాయకచవితినాడు వాహనానికి కూడా పత్రి చల్లి, మర్నాడు వంటింట్లో బోను పెట్టే ఇళ్లకు కూడా కనబడదు.

తెలుగిళ్లలో ఎలుకను పట్టడం కంటే దానికి అందకుండా పెట్టడం మీదే ఎక్కువ బుర్ర ఖర్చు పెట్టారని చెప్పాలి. దూలానికి వేలాడే ఉట్టి పిల్లి నుంచీ ఎలుక నుంచీ ఒకేసారి కాపాడేది. పెరుగుకుండ, వెన్నగిన్నె, పిల్లలకు దాచిన చిరుతిళ్లు అందులో. ధాన్యం గాదెలు నేలకు ఆనకుండా ఎత్తుమీద ఉండేవి. మట్టీ పేడా కలిపి మెత్తిన గరిసెలు, గడ్డితాడు చుట్టి కట్టిన పురులు, నేలలో తవ్వి మూతిమూసే పాతరలు ఉండేవి. ఇవన్నీ పంట దాచుకునే పద్ధతులుగానే పుస్తకాల్లోకి ఎక్కాయి గానీ, వీటిలో ప్రతిదాని వెనకా ఎలుకతో చేసుకున్న ఒక లెక్క ఉంది. అటకమీద ఇత్తడి బిందెలు ఎందుకున్నాయో, పట్టుచీరలు భోషాణంలోకి ఎందుకు వెళ్లాయో దాన్ని బట్టే తెలుస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల వరిచేలల్లో బుట్టలు పెట్టి ఎలుకల్ని పట్టేవాళ్లు వేరే. కన్నంలోకి కుండతో పొగ ఊదడం యానాదుల నేర్పు. చేనుగలవాళ్లు వాళ్లను పిలిపించి, ఎన్ని పడితే అన్నిటికి లెక్కగట్టి డబ్బులిస్తారు. అది పొలం చరిత్ర.

ఐరోపాలో ఇంటి బోను అనుకోకుండా దేవుడి పటంలోకి ఎక్కింది. 1430 ప్రాంతంలో ఫ్లాండర్స్‌లో రాబర్ట్ కాంపిన్ చిత్రశాలలో గీసిన మూడు పలకల బొమ్మ ఒకటి ఇప్పుడు న్యూయార్క్‌లో ఉంది. నడిమి పలకలో దేవదూత మరియమ్మకు శుభవార్త చెబుతున్నాడు. కుడిపలకలో యోసేపు వడ్రంగం చేసుకుంటున్నాడు. బల్లమీద ఒక ఎలుకబోను, కిటికీ అరుగుమీద అమ్మకానికి పెట్టినట్టు ఇంకొకటి. ఇదేమిటని చాలాకాలం ఎవరికీ తోచలేదు. 1945లో మేయర్ షపీరో అనే కళాచరిత్రకారుడు చిక్కుముడి విప్పాడు. సాతానును పట్టడానికి సిలువే ఎలుకబోను అని సెయింట్ అగస్టీన్ చేసిన ఉపమానమే ఆ బొమ్మలోకి వచ్చిందన్నాడు. అది బోనే కాదు, చిత్రిక అని వాదించినవాళ్లూ లేకపోలేదు. ఏదైనా, ఆ కాలంలో వడ్రంగి కొట్లో ఎలుకబోను అమ్మకపు సరుకని మాత్రం బొమ్మ చూస్తే నమ్మబుద్ధవుతుంది. 1590లో లండన్‌లో లెనర్డ్ మాస్కల్ చేపలు పట్టడం గురించీ, ఎలుకలూ తదితర పురుగూపుట్రా పట్టే యంత్రాల గురించీ బొమ్మలతో పుస్తకం వేశాడు. మీద పడే బండ, మెడకు బిగిసే ఉచ్చు, తలుపు మూసుకునే పెట్టె, అన్నీ అందులో ఉన్నాయి. తర్వాతివాళ్లు కలిపింది ఇనపతీగ బిగువు మాత్రమే.

దానికి ముందు పిల్లి జీతగాడి సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1868లో లండన్ తపాలా శాఖవారి మనియార్డరు కార్యాలయంలో ఎలుకలు కాగితాలు కొరికేస్తుంటే మూడు పిల్లుల్ని ఉద్యోగంలోకి తీసుకున్నారు. వాటి తిండికి వారానికి 2 షిల్లింగులు కావాలని కింది అధికారి అడిగితే పైనుంచి 1 షిల్లింగే మంజూరైంది. మిగతా కడుపు ఎలుకలతో నింపుకోవాలని షరతు. ఆరు నెలల్లో ఎలుకలు తగ్గకపోతే ఆ భత్యంలోనూ కోత పడుతుందని హెచ్చరిక. 1929లో బ్రిటిష్ హోం శాఖ కూడా పీటర్ అనే పిల్లికి రోజుకు 1 పెన్నీ చొప్పున రాసింది. ఏ దేశపు ఆఫీసైనా ఫైలు నడిచే తీరు ఒకటేనని నమ్మేవాళ్లకు ఈ కాగితాలు మంచి సాక్ష్యం.

ఇప్పుడందరికీ బోను అనగానే గుర్తొచ్చే రూపం, అంటే చిన్న చెక్కపలక, మీద చుట్టలు తిరిగిన తీగ, ఎర ముట్టగానే టప్పున పడే కమ్మీ, 1890లలో అట్లాంటిక్‌కు రెండు పక్కలా దాదాపు ఒకేసారి పుట్టింది. అంతకు ముందే 1879లో న్యూయార్క్‌లో జేమ్స్ కీప్ పోత ఇనుముతో దవడలున్న బోను చేశాడు గానీ అది బరువు, ఖరీదు. 1894లో ఇల్లినాయ్ రాష్ట్రం ఆబింగ్డన్‌కు చెందిన విలియం హుకర్ చెక్కపలక బోనుకు పేటెంటు పొందాడు. పెన్సిల్వేనియాలోని లిటిట్జ్‌లో జాన్ మాస్ట్ మరికాస్త సులువుగా తయారయ్యే బోను చేశాడు, దానికి పేటెంటు 1903లో వచ్చింది. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఇనప సామాన్ల కొట్టు నడిపే జేమ్స్ హెన్రీ అట్కిన్సన్ 1897లో 'లిటిల్ నిప్పర్' తెచ్చాడు. 1913లో దాని హక్కుల్ని ఒక కంపెనీకి 1,000 పౌన్లకు అమ్మేసి చేతులు దులుపుకున్నాడు. ఆ బోను ఇప్పటికీ అమ్ముడవుతోంది. ఆయనకు బేరం కుదిరిందనాలో కుదరలేదనాలో!

మంచి బోను చేస్తే లోకమంతా నీ గుమ్మానికి దారి వేసుకుని వస్తుందన్న మాట అమెరికాలో ఎమర్సన్ పేరు మీద చెలామణీ అవుతోంది. ఎమర్సన్ చనిపోయింది 1882లో. హుకర్ పేటెంటు వచ్చేసరికి ఆయన పోయి పన్నెండేళ్లు. ఆయన డైరీలో ఈ భావం ఉన్నమాట నిజమే గానీ అక్కడ ఉన్నవి ధాన్యం, కలప, పందులు, కుర్చీలు, కత్తులు వగైరా. ఎలుకబోను తర్వాత ఎవరో చేర్చారు. ఆ మాట నమ్మి ఇళ్లల్లో కూచుని బోనులు చేసినవాళ్లకు లెక్క లేదు. అమెరికా పేటెంటు కార్యాలయం ఎలుకబోనులకు ఇచ్చిన పేటెంట్లు 20వ శతాబ్దం చివరికే 4,400 దాటాయి. వాటిలో నాలుగు డబ్బులు సంపాదించినవి రెండు డజన్లు ఉండవు. హుకర్, మాస్ట్ చేసిన చెక్కపలకే ఇంకా కొట్లలో ఉంది. చవక, చిన్నది, ఎలుకతో సహా పారేయవచ్చు. దాన్ని మెరుగుపరచడానికి మిగిలింది పెద్దగా లేదు.

బొమ్మల్లో బోనుకు జున్నుముక్క తప్పనిసరి. నిజానికి చిట్టెలుకకు గింజలూ నూనె పదార్థాలే ఇష్టం. మన ఇళ్లలో అది ఎప్పుడో తెలుసుకున్నారు. ఎండుకొబ్బరి ముక్కను పొయ్యి సెగకు కాస్త కమరనిచ్చి బోనులోని కొక్కేనికి గుచ్చుతారు. కమిరిన నూనె వాసన రాత్రంతా గది పట్టుకుని ఉంటుంది. కొందరు పకోడీ, ఇంకొందరు ఎండు చేప. గుచ్చడం గట్టిగా ఉండాలి, వదులుగా ఉంటే ఎలుక కొక్కేన్ని కదపకుండా ముక్క లాక్కుపోతుంది. మూతి గోడవైపు పెట్టాలి, ఎందుకంటే ఎలుక గది మధ్యలోంచి నడవదు, గోడకు మీసాలు ఆనించుకుంటూ పోతుంది. తెల్లారి బోను తలుపు పడి ఉండి లోపల కొబ్బరీ లేక, ఎలుకా లేకపోతే ఆ ఇల్లాలు బోనును తిట్టదు, ముక్క గుచ్చిన భర్తను తిడుతుంది.

విషం చరిత్ర ఇంత సరదాగా ఉండదు. ఎలుకపాషాణం అనే తెలుగు మాట ఆర్సెనిక్‌కు పేరు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో అది కిరాణా కొట్లలో పంచదార, పిండి పక్కనే దొరికేది. రెండూ తెల్లటి పొడులే. పొరపాటునా కావాలనీ జరిగిన చావులు ఎక్కువై 1851లో చట్టం చేశారు. కొన్నవాడి వివరాలు పుస్తకంలో రాయాలి, పొడిలో మసో నీలిమందో కలిపి రంగు మార్చాలి.

అసలు మలుపు ఒక ఆవు వల్ల వచ్చింది. 1933 ఫిబ్రవరిలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు మంచుతుఫానులో బండి నడుపుకుంటూ మాడిసన్‌లోని విశ్వవిద్యాలయానికి వచ్చాడు. బండిలో చచ్చిన ఆవుదూడ, పాలడబ్బాలో గడ్డకట్టని నెత్తురు, కొంత బూజుపట్టిన స్వీట్‌క్లోవర్ గడ్డి. ఆ గడ్డి తిన్న పశువులకు చిన్న గాయమైనా నెత్తురు ఆగడం లేదు. రసాయనశాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ బృందం ఆరేళ్లు పట్టుకుని 1939లో ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. దానికి దగ్గర చుట్టమైన ఇంకో పదార్థం 1948లో ఎలుకలమందుగా బజారుకెక్కింది. పరిశోధనకు డబ్బిచ్చిన సంస్థ పేరులోని అక్షరాలు కలిపి దానికి వార్ఫరిన్ అని పేరుపెట్టారు. గుండెకు కృత్రిమ కవాటం వేయించుకున్నవాళ్లున్న ఇళ్లలో ఆ పేరు ఇప్పుడు వేరే సందర్భంలో వినబడుతుంది. 1950లలోనే అది మనుషులకు నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర అయింది. తోటకూర, పాలకూర ఒకరోజు విపరీతంగా తిని ఒకరోజు మానేయొద్దని డాక్టర్లు చెప్పేది అందుకే. ఆకుకూరల్లోని విటమిన్ కె దానికి విరుగుడు.

వార్ఫరిన్ తెలివి దాని నిదానంలో ఉంది. అంతకు ముందు వాడిన జింక్ ఫాస్ఫైడ్ లాంటివి తిన్న కాసేపటికే పనిచేస్తాయి. ఎలుక కాస్త రుచిచూసి బతికి బయటపడితే ఆ తిండిని మళ్లీ ముట్టదు. అందుకే దాన్ని వాడే రైతులు ముందు రెండు రోజులు మందు లేని ఎర పెట్టి నమ్మిస్తారు. వార్ఫరిన్‌తో ఆ తంటా లేదు. ఎలుక రోజుల తరబడి తింటూ పోతుంది, దేనివల్ల నీరసమొస్తోందో దానికి తెలియదు. పీడ విరగడైందని అందరూ అనుకున్నారు. పదేళ్లు తిరిగేసరికి 1958లో స్కాట్లండులో మందు తిన్నా చావని పెద్ద ఎలుకలు బయటపడ్డాయి. చిట్టెలుకలూ ఎంతో వెనకబడలేదు. ఒకే జన్యువులో చిన్న మార్పు చాలింది. 2011లో ఇంకో చిత్రం తెలిసింది: ఐరోపాలో కొన్ని ఇంటెలుకలు ఆ మార్పును వేరే జాతి ఎలుకతో సంకరం ద్వారా తెచ్చుకున్నాయి. వేల ఏళ్లుగా చెక్కపెట్టెలోకి తలదూర్చకుండా ఉండడం నేర్చుకోలేని జంతువు రసాయనాన్ని ఒక దశాబ్దంలో జయించింది. బోను ఒక్కో ఎలుకను పట్టుకుంటుంది, అది బయటికి పోయి తక్కినవాటికి చెప్పదు. మందు మాత్రం తట్టుకున్నదాన్ని ఏరి, దాని పిల్లలతో ఇల్లు నింపుతుంది.

ఆ తర్వాత 1970లలో ఇంకా ఘాటైనవి వచ్చాయి. వాటిలో ఒకటైన బ్రోమోడయోలోన్ మన డెల్టా రైతులకు బాగా తెలుసు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో వేస్తారు. పట్నాల్లో అదే మందు రంగు కేకు ముక్కలుగా హార్డ్‌వేర్ కొట్లలో దొరుకుతుంది. దాంతో చచ్చిన ఎలుక ఏ బీరువా వెనకో, ఏ ఫాల్స్ సీలింగ్ పైనో ఉండిపోయి వారం తర్వాత తన ఉనికి చాటుతుంది. చచ్చిన ఎలుకను తిన్న గుడ్లగూబకూ మందు ఎక్కుతుంది. జిగురు అట్టలు దీనికన్నా ఘోరం. అతుక్కున్న ఎలుక గంటల తరబడి కొట్టుకుంటుంది. ఇంగ్లండు 2022లో చట్టం చేసి 2024 జులై నుంచి మామూలు జనం వాటిని వాడకుండా ఆపింది. మన దేశంలోనూ జంతు సంక్షేమ మండలి వాటిని ఆపమని రాష్ట్రాలకు రాసింది. కొట్లలో మాత్రం వేలాడుతూనే ఉన్నాయి.

చంపడానికి చేయిరాని ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. అక్కడ చెక్కపెట్టెకు ఇనప జాలీ బిగించిన పాత బోనే నడుస్తోంది. పొద్దున్నే ఇంటాయన దానిమీద గుడ్డ కప్పి, దారిలో ఎవరైనా పలకరిస్తే మాట తప్పించుకుంటూ, నాలుగు వీధుల అవతల కాలవగట్టుకు తీసుకుపోతాడు. తలుపు ఎత్తి బోనును కాస్త వంచి తడతాడు. ఎలుక ఒక్క క్షణం వెలుతురుకు తడబడి, గడ్డిలోకి దూకి మాయమవుతుంది. ఆయన లేచి వెనక్కి తిరిగేసరికి అవతలి వీధినుంచి గుడ్డ కప్పిన బోనుతో ఇంకొకాయన వస్తూ ఉంటాడు. ఇద్దరూ ఒకరి చేతికేసి ఒకరు చూసుకోనట్టే నడిచిపోతారు.